మాస్టరు వీపు

దోసె ముందు పెడితే తినకముందు నాలుగు ఫొటోలు, తిన్నాక ఖాళీ ప్లేటుకు రెండు ఫొటోలు తీసే పిల్లలారా, మీ మీద నాకేమీ కోపం లేదు. కానీ ఒక్క మాట వినండి. నేను ఫొటోగ్రఫీ నేర్చుకున్నది మెమరీ కార్డు లేని కెమెరాతో. మొదటి నెలంతా నేను తీసిన ఫొటోల్లో ఒక్కటి కూడా ఈ భూమ్మీద లేదు. ఈ సంగతి చెబితే ఇప్పుడు నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. అప్పుడు మేమూ నవ్వాం, కాకపోతే మాస్టరు టీకి కిందికి దిగాక.

తమిళనాడులోని మా ధర్మపురి బస్టాండుకు దగ్గరలో, ఒక మందుల షాపు పైన ఉండేది మాస్టరు స్టూడియో. కింద కండక్టర్లు ‘సేలం, సేలం’ అని గొంతు చించుకుంటుంటే పైన ఆయన మా మీద చించుకునేవారు. ఫిల్ము రోజుల్లో ఆయన తీయని పెళ్లి మా ఊళ్లో తక్కువ. డిజిటల్ వచ్చాక రెండు కొత్త కెమెరాలు కొన్నారు, ఒక కంప్యూటరు పెట్టారు, డిజిటల్ ఫొటోగ్రఫీ నేర్పబడును అని తమిళంలో బోర్డు రాయించారు. అంతా అయ్యాక డిజిటల్ మీదే యుద్ధం మొదలుపెట్టారు.

నేను అక్కడికి వెళ్లింది నేర్చుకోవడానికి కాదు, పోట్లాడటానికి. మాది చింతపండు మండీ. తరాలుగా ఇదే ఊరు, ఇదే వ్యాపారం, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాకు పెళ్లయి, పిల్లలు హైస్కూలుకు వచ్చాక, రేషన్ కార్డు కోసం మాస్టరు దగ్గర ఫొటో తీయించుకున్నాను. ఇంటికి వెళ్లి కవరు తెరిచి చూస్తే ఒళ్లు మండింది. వెనక్కి వచ్చి మెట్లెక్కాను.

“ఏం మాస్టరూ, పోలీసులు పట్టుకోనొచ్చినట్ల తీసినారే నన్ను?”

“ముఖం ఎట్లుంటే ఫొటో అట్లుంటాది గదమ్మా.” ఆయన ఇంట్లో కూడా తెలుగే.

“ఇట్ల ఇయ్యండి కెమెరా. మిమ్మల్ని నేను తీస్తాను, ఎవరిది బాగుంటాదో చూద్దాం.”

“నన్ను తీసేవాళ్లు ఇంకా పుట్టలా” అని ఆయన పెద్దగా నవ్వారు. అది నిజమేనని తర్వాత తెలిసింది. ఎవరైనా కెమెరా తనవైపు తిప్పితే చాలు, చెయ్యి అడ్డం పెట్టేసేవారు. “కెమెరా ముట్టాలంటే కింద బోర్డుంది, చదువుకోని రా” అన్నారు. చదువుకుని మళ్లీ మెట్లెక్కాను.

ఇంట్లో మా మామగారిని ఒప్పించడం వేరే కథ. ఆయన అరిచే మనిషి కాదు. చింతపండు బుట్టలో చెయ్యి పెట్టి రకం చెప్పినట్టు, మనిషిని కాసేపు చూసి తీర్పు చెప్పేవారు. “సరి. ఆడి నెల పెండ్లిండ్లు ఉండవు, నేర్చుకో. ఆవణిలో ముహూర్తాలొస్తాయి. ఫొటో తీసేదానికి రామ్మా అని నిన్ను వెతుక్కోని ఎవరన్నా వస్తే పో, నేను అడ్డం రాను. ఎవరూ రాలేదంటే మండీ ఉంది” అన్నారు. న్యాయంగానే ఉంది. కానీ మా మండీలో ఒకసారి కూర్చున్న కోడలు మళ్లీ లేవడం నేను చూడలేదు. ఆడి, ఆవణి అంటే తమిళ నెలలు, మన ఆషాఢ శ్రావణాల్లాగా. నాకున్నది ఆ ఆవణి ఒక్కటే.

నాతోపాటు నేర్చుకున్న ఇంకొక మనిషి హొగేనక్కల్ జలపాతం దగ్గర, నీళ్ల మీద తిరిగే గుండ్రటి బుట్టలాంటి పడవ, పుట్టి, నడిపేవాడు. మా పక్క దాన్ని పరిసల్ అంటారు. నీళ్లు తగ్గినప్పుడు పని ఉండదని, వచ్చే టూరిస్టులకు ఫొటోలు తీసి బతకొచ్చని చేరాడు. చేతులు రాయిలా కదలవు. కాళ్లతోనే చిక్కు. కంటికి కెమెరా పెట్టగానే నిలబడ్డ చోటే మెల్లగా గుండ్రంగా తిరిగేవాడు. “పుట్టి దిగినావు లేరా, నేల మీదుండావు” అని మాస్టరు భుజాలు పట్టి ఆపేవారు. అతను మాత్రం నా సంచిని చూసి నవ్వేవాడు. అందరూ కెమెరాకు నల్ల బ్యాగులు కొంటే నేను మండీ పేరు అచ్చు వేసిన పసుపు గుడ్డసంచి తెచ్చేదాన్ని. “అక్కా, కూరగాయలకొచ్చినావా?” అని రోజూ అడిగేవాడు.

ఇక మాస్టరు పద్ధతి. మొదటి రోజే రెండు కెమెరాల్లోంచి కార్డులు తీసి డ్రాయరులో వేశారు. కార్డు లేకపోయినా మీట నొక్కితే పని చేసేలా ఒక అమరిక ఉంటుంది, దాన్ని పెట్టారు. కింద మందుల షాపులో కట్టు కట్టే ప్లాస్టరు కొనుక్కొచ్చి వెనకాల స్క్రీను మీద అడ్డంగా అంటించేశారు. “మీరు ఫొటో తీయరు, తీసింది చూసుకుంటా కూర్చుంటారు. చూసుకునేలోపల పెండ్లి అయిపోతాది” అన్నారు.

తీసింది చూడకూడదు. మరి ఏం చేయాలి? చెప్పాలి. బస్టాండులో తిరిగి, ఒకసారి నొక్కి, మెట్లెక్కి వచ్చి, తీసిన ఫొటోను ఆయనకు నోటితో చెప్పాలి. ఆయన కళ్లు మూసుకుని వినేవారు.

“పూలమ్మే ఆమె నవ్వుతా ఉంది, మాస్టరూ.”

“వెలుతురు యాడనుంచి?”

“కుడి పక్కనుంచి.”

“ఎడం పక్క అంచులో ఏముండాది?”

“అది చూడలా.”

“అయితే నీ ఫొటో రాలా. పో.”

కిందికి దిగి చూస్తే ఎడం పక్క ఒక పెద్దమనిషి గోడకు తిరిగి నిలబడి ఉన్నాడు, ఏ పని మీదో మీకు వేరే చెప్పక్కర్లేదు. అలా నెలంతా దిగడం, ఎక్కడం. కోపం వచ్చేది, ఏడుపు వచ్చేది. కానీ ఒకరోజు కూరగాయల మార్కెట్లో టమాటా బుట్ట పక్కన నిలబడి, నొక్కకముందే నాలుగు అంచులూ నాకు కనిపించడం మొదలైంది. ఆరోజు ఇంటికి ఎగురుకుంటూ వెళ్లాను. సాంబారులో చింతపండు వేయడం మరిచిపోయాను. చింతపండు మండీ ఇంట్లో!

ఆవణి మొదటి ముహూర్తానికి పాలక్కోడు దాటి తుంబలహళ్లి డ్యాము పక్కన ఒక పెళ్లి వచ్చింది. ఆవులు, గొర్రెలు పెంచే తెలుగు వాళ్లు. మాలాగే ఎన్నో తరాల కిందట వచ్చినవాళ్లు, మాకన్నా పాత పద్ధతులు వదలనివాళ్లు. పెళ్లి మండపంలో చేయరు. ఊరి బయట పచ్చి కానుగ కొమ్మలతో గుడిసె కట్టి, తాళి అందులోనే కట్టిస్తారు. మాస్టరు నన్ను పిలిచి, “రెండో కెమెరా నీది. లోపల తాళి నేను తీస్తాను, నువ్వు ఆడవాళ్లను తియ్యి. ఫొటోలు నచ్చినాయి అని వాళ్ల నోటితో వాళ్లు చెప్తే, ఇకమీద నీకు పెండ్లిండ్లు నేనే పంపిస్తాను” అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ముగ్గురం బస్సు దిగి వెళ్లాం. గుడిసె వాకిట్లో పెళ్లికూతురి అవ్వ కూర్చుని ఉంది. కళ్లకు పొరలు కమ్మాయి కానీ చెవులు పాము చెవులు. మా అడుగుల చప్పుడు వినగానే, “చెప్పులు ఆడ ఇడిసిపెట్టండి. తోలుది ఏదీ లోపలికి రాకూడదు” అంది.

చెప్పులు చింతచెట్టు కింద విడిచాం. పుట్టి నడిపేవాడు బెల్టు కూడా విప్పి, రోజంతా ఒక చేత్తో ప్యాంటు పట్టుకున్నాడు. మాస్టరుకు అసలు కష్టం వచ్చింది. ఆయన కెమెరా బ్యాగు తోలుది. ఫిల్ము రోజుల నుంచి ఉన్నది, కన్నబిడ్డ కన్నా ఎక్కువగా చూసుకునేవారు. చుట్టూ నాలుగుసార్లు చూసి, చెట్టు కొమ్మకు తగిలించారు. కెమెరాకున్న తోలు పట్టీ విప్పి అందులోనే పెట్టారు. లోపలి నుంచి “ముహూర్తం, ముహూర్తం, రండి” అని కేకలు. ఆయన ఒట్టి కెమెరా చేత్తో పట్టుకుని పరుగు తీశారు. నా పసుపు సంచికి ఎవరూ అడ్డం చెప్పలేదు.

లోపల ఎలా ఉందంటే, చెరువు అడుగున కూర్చున్నట్టుంది. ఆకుల్లోంచి దిగే వెలుతురుకు అందరి ముఖాలూ పచ్చగా ఉన్నాయి. ముందే చెప్పారు మాస్టరు. “కెమెరాకు ముందు తెల్ల పంచె చూపించు. ఇది తెలుపు అని దానికి తెలిస్తే మనుషులు మనుషుల్లాగా వస్తారు.” చూపించాను. ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డాను. తాళి కట్టే సమయానికి ఆడవాళ్లంతా నాలుకలు తిప్పుతూ కులవ పెట్టారు. ఆ సంతోషంలో నాకూ ఆగలేదు, ఆడవాళ్లను వదిలి అటు తిప్పాను. కనిపించింది ఏమిటి? మాస్టరు వీపు. కుడికి జరిగాను, వీపు కుడికి జరిగింది. ఎడమకు జరిగాను, వీపు ఎడమకు వచ్చింది. ఏమైతే అదైందని నొక్కుతూ పోయాను.

అంతా అయ్యాక మాస్టరు చెమట తుడుచుకుంటూ చెట్టు కిందికి వచ్చారు. “బాగా వచ్చినాయి. ఇంకో కార్డు ఏసుకుంటాను” అని బ్యాగులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, కెమెరా పక్క మూత తెరిచారు.

మూత వెనకాల ఖాళీ. ముందు రోజు సాయంత్రం మాకు పాఠం చెప్పడానికి కార్డు తీసి బ్యాగులో వేసింది ఆయనే. పొద్దున నా కెమెరాలో కార్డు వేసి ఇచ్చిన మనిషి, తనదానిలో వేసుకోవడం మరిచారు. స్క్రీను మీద కనిపించాల్సిన హెచ్చరిక ఆయన అంటించిన ప్లాస్టరు కింద ఉంది. కెమెరా కంటి మూలన మినుకుమనే చిన్న గుర్తు కళ్లజోడు లేక కనిపించలేదు. ముహూర్తం వేళకు కార్డూ కళ్లజోడూ రెండూ తోలు బ్యాగులో, చింతకొమ్మకు వేలాడుతూ ఉన్నాయి.

ఆయన చెప్పుల మధ్య కూలబడ్డారు. పుట్టి నడిపేవాడు ప్యాంటు పట్టుకుని వంగి చూసి, మెల్లగా అన్నాడు. “మాస్టరూ, అయితే మనం ఇంతసేపూ ప్రాక్టీసే చేసినామా?”

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నా ఆవణి ఆ ఖాళీ సందులోకి జారిపోయిందనుకున్నాను. తాళి ఫొటోనే లేని స్టూడియో వాళ్లను ఎవరు మెచ్చుకుంటారు, ఎవరు మళ్లీ పిలుస్తారు? కంప్యూటరులో ఏదో చెడిపోయిందని చెబుదామా అని నేను నోరు తెరిచేలోపే మాస్టరు లేచారు. “చెప్పేసి వస్తాను” అన్నారు. మేమూ వెనకాల నడిచాం.

పెళ్లికూతురి నాయన విని గొంతు పెంచాడు. పెంచడా మరి? నలుగురు చేరారు. పుట్టి నడిపేవాడు సాయం చేద్దామని, “ఇంకోసారి కట్టమనండి, ఫొటోకు మాత్రం” అన్నాడు. అవ్వకు వినిపించింది.

“మళ్లీ మళ్లీ కట్టేదానికి ఇదేమన్నా ఆవు మెడలో పలుపా?” అంది. ఎవరో నవ్వారు. గొంతులు కొంచెం తగ్గాయి. అవ్వ చెయ్యి చాపి మాస్టరును దగ్గరికి పిలిచింది. “నాయనా, నేను వాకిట్లోనే కూసోనుండా. నా కండ్లకు ఏమీ కనపడలా. ఎవర్ని అడిగినా బాగా జరిగింది అవ్వా అంటారే గానీ, ఎట్ల జరిగిందో చెప్పేవాళ్లు లేరు. నువ్వు దగ్గరుండి చూసినావు గదా. ఏం తీసినావో చెప్పు.”

మాస్టరు నేల మీద కూర్చుని కళ్లు మూసుకున్నారు.

“పిల్ల తల వంచుకోనుంది అవ్వా. పైన ఆకుల్లో ఒక సందుంది, ఆ ఎండ సరీగా పిల్ల ఎడం చెవి మీద పడింది. కమ్మ మెరస్తా ఉంది. పిల్లోడు ముడి ఏస్తా ఉండాడు. మొదటి ముడి జారిపోయింది. పక్కనే వాళ్లక్క చేతి మీద ఒకటేసింది. పిల్లకు నవ్వొచ్చి పెదవి కొరుక్కుంది.”

“కొరుక్కుందా? వాళ్లమ్మ కూడా అంతే” అంది అవ్వ. “ఇంకోటి చెప్పు.”

“ఒక కానుగాకు రాలి పిల్లోడి తలపాగా మీద పడింది. వాడికి తెలీదు. పిల్ల చూసింది. తీద్దామని చెయ్యెత్తి, అందరూ చూస్తా ఉండారని దించేసింది.”

“ఇంకోటి.”

ఆయన చెబుతూనే ఉన్నారు. ఏ ఫొటోలో ఏ అంచున ఎవరున్నారో, ఎవరి కొంగు ఎవరి చేతిలో ఉందో. ఆడవాళ్లు పనులు వదిలి చుట్టూ కూర్చున్నారు. పెళ్లికూతురి నాయన అరవడం మానేసి, ఒక చోట కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నేను నిలబడి వింటూ ఉన్నాను. స్టూడియో మెట్లు నన్ను ఎందుకు ఎక్కించి దించారో అప్పుడు అర్థమైంది. ఆయన మీద అంత ప్రేమ నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

చెప్పడం అయ్యాక ఆయన నా కెమెరా తీసుకుని, తన చేతులతో స్క్రీను మీది ప్లాస్టరు పీకారు. కళ్లజోడు సర్దుకుని చూశారు.

“అడ్డం ఎవరిది ఈ ఎనుము?”

“మీరే మాస్టరూ.”

తర్వాతి ఫొటో. అందులోనూ ఎనుమే. తర్వాతిదీ అంతే. ఆఖరిది చూసి ఆగిపోయారు. అందులోనూ ఆయన వీపే, కానీ కెమెరా పట్టుకున్న చెయ్యి మడత పడి, మోచేతికీ నడుముకూ మధ్య ఒక సందు ఏర్పడింది. ఆ సందులో పెళ్లికూతురి ముఖం, పెదవి కొరుక్కుంటూ, చెవి మీద ఎండతో. కింద మూలలో తాళి ముడి వేస్తున్న వేళ్లు. మనుషులు మనుషుల్లాగే వచ్చారు, ఒక్కరూ పచ్చగా లేరు.

ఆయన కెమెరా నా చేతికిచ్చారు. “మిగిలిన పెండ్లి నువ్వు తియ్యి. నేను అట్ట పట్టుకుంటాను.”

అట్ట అంటే ఎండను ముఖం మీదికి తిప్పే తెల్ల థర్మాకోలు షీటు. దాన్ని పట్టుకునేది మామూలుగా అందరికన్నా చిన్న పనివాడు. పెళ్లికూతురి నాయన అనుమానంగా, “ఆడమనిషి తీస్తాదా?” అన్నాడు. “ఇంతసేపూ తీసింది ఆమె ఒకతే గదరా” అంది అవ్వ. ఆ మధ్యాహ్నం పెళ్లంతా నేనే తీశాను. నేను ఎటు తిరిగితే అటు మాస్టరు తెల్ల అట్ట పట్టుకుని పరుగెత్తారు. నేను ఆయన్ని “ఇంకొంచెం పైకి మాస్టరూ, ఇంకొంచెం” అని అదిలించాను. పగ తీర్చుకున్నానని మీరనుకుంటే అనుకోండి.

ఆల్బం మొదటి పేజీలో ఏం పెట్టాలో వాళ్లే చెప్పారు, వీపు ఫొటో. అవ్వ దాన్ని కళ్లకు ఆనించుకుని, “పిల్ల కనపడదు గానీ, ఈ నల్లగా పెద్దగా ఉండేది మటుకు బాగా కనపడతా ఉంది” అందట.

వాళ్లకు నా పేరు తెలియదు, స్టూడియో పేరూ గుర్తులేదు. సంచి మీద అచ్చు మాత్రం చదువుకున్నారు. ఆ ఆవణిలోనే ఒక పొద్దున డ్యాము పక్క నుంచి ఎవరో మా మండీకి వచ్చారు. మా మామగారు రకాలు చూపించబోతే, “చింతపండు వద్దు సామీ. పెండ్లి ఫొటో తీసే కోడలుండేది ఈ మండీలోనేనా?” అన్నారట. తర్వాత ఇంకొకరు. మామగారు కొన్నాళ్లు ఓపిక పట్టి, ఒకరోజు లోపలికి వచ్చి, “చింతపండు అడిగేవాళ్లకన్నా నిన్ను అడిగేవాళ్లే ఎక్కువైనారు. పో తల్లీ, పో” అన్నారు. కోపంగా అనబోయి నవ్వేశారు. నేను ఆ నవ్వును పట్టుకుని గడప దాటాను, వయసు మీద పడి మోకాళ్లు మొరాయించేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మాస్టరు ఇప్పుడు లేరు. ఆయన పోయినప్పుడు గోడకు పెట్టడానికి ఫొటో కావాలని వాళ్లావిడ నన్నే అడిగారు. ఊరందరి ఫొటోలు తీసిన మనిషికి ఫొటో లేదు. ఓటరు కార్డులో ఒకటి ఉంది, అందులో పోలీసులు పట్టుకొచ్చినట్టున్నారు. చివరికి వీపు ఫొటోనే పెద్దది చేసి ఇచ్చాను. “వీపుకు దండ ఏస్తారా ఎవరన్నా?” అని ఆవిడ ఏడుస్తూనే నవ్వారు. వేశారు. ఇప్పటికీ ఉంది.

ముఖం ఉన్న ఫొటో నా దగ్గర ఒకటుంది, కార్డులో కాదు. మీరు కళ్లు మూసుకోండి, చెబుతాను. తుంబలహళ్లి డ్యాము గట్టు. వెలుతురు నా వెనక నుంచి, సాయంత్రం ఎండ. కుడి అంచున ప్యాంటు పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిరుగుతున్న ఒక మనిషి. ఎడమ అంచున పెళ్లికూతురి చీర కొంగు కొంచెం. మధ్యలో మాస్టరు, చెప్పులు లేని కాళ్లతో, రెండు చేతులా తెల్ల అట్ట తల మీదికి ఎత్తి పట్టుకుని ఉన్నారు. ఆ ఎండంతా ఆయన ముఖం మీదే పడుతోంది. అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నా వైపు చూసి నవ్వుతున్నారు.